ఏడవ గూటికీ ఎనిమిదవ గూటికీ నడుమ

శ్రీరస్తు. అక్షరములకు అధిదేవత యైన తల్లికి ప్రణామము. ఆమె నాకు ఛందస్సు నిచ్చినది, అలంకారము నిచ్చినది, సభలో నిలిచి మాటాడే ధైర్యమిచ్చినది. ఒక్క వాక్యము వ్రాయవలసిన చోట వ్రాయకపోయిన పాపము నాది, ఆమెది కాదు. స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర మార్గశిర శుద్ధ దశమి నాడు, ఖతర్ దేశమందలి అల్ ఖోర్ పట్టణములో, మా అమ్మాయి శ్యామల యింట కూర్చుండి నా ఆత్మకథలో ఈ అధ్యాయము వ్రాస్తున్నాను. శాంతముగా వ్రాయుటకు ప్రయత్నించి మూడు కాగితములు చింపివేసినాను. ఇది నాలుగవది. కోపముతోనే వ్రాస్తాను.

గడచిన శుక్రవారము మధ్యాహ్నము ఇక్కడి తెలుగువారి సమావేశానికి నన్ను పిలిచినారు. కార్యదర్శి రవిప్రసాద్ గోదావరి వైపు వాడు, గ్యాసు ప్లాంటులో ఇంజనీరు, మంచివాడే. సెలవు మీద స్వదేశము వెళ్ళి, మా కొండలలో రైలు పట్టాలు ఎత్తివేసిన దారిన కొత్తగా వెలసిన సైకిలు బాటపై మిత్రులతో స్వారి చేసి వచ్చినాడట. హ్యాండిలుకు చిన్న కెమెరా కట్టుకొని దారి పొడుగునా చిత్రము తీసినాడట. "గురువుగారూ, అది మీ నాన్నగారి రైల్వే స్టేషను దగ్గరేనండి. మీరు చూస్తే పొంగిపోతారు," అని నన్ను ముందు వరుసలో కూర్చుండబెట్టినాడు. నేను రోజూ తెల్లవారుతూనే ఇక్కడి సైకిలు బాటపై రెండు గంటలు తొక్కుతానని, రహదారుల క్రింది మార్గములలో దూరేటప్పుడు పద్యము చదువుకుంటానని ఇక్కడివారందరికీ తెలుసు. వృద్ధుని సరదా అని ముచ్చటపడతారు. ఆ మార్గములు రెండు గుక్కలలో ముగిసిపోతవి కనుకనే నేను వాటిలో దూరగలుగుతున్నానని వారికి తెలియదు.

గోడ మీద చిత్రము మొదలైనది. నా చిన్ననాటి మీటరు గేజి రైలు పట్టాలు లేవు. కంకర లేదు. నున్నని సిమెంటు బాట, దాని అంచున పసుపు గీత. సొరంగము మూతికి ఇరువైపులా పులి బొమ్మలు వేసినారు. కాఫీ కొట్టు, అద్దె సైకిళ్ళు, తలకు టోపీలు. కెమెరా లోపలికి జొరబడినది. రంగుదీపముల తోరణము. అయినా ఆ రాయి నాకు తెలిసినది. నీరు కారే చారికలు ఉన్నచోటనే ఉన్నవి. గోడలో మనిషి నిలుచునేటంత గూళ్ళు, రైలు వచ్చినప్పుడు పట్టాలు బాగుచేసే గ్యాంగువాళ్ళు ఒదిగి నిలుచునేందుకు తొలిచినవి, పన్నెండు ఉండేవి. నా నోరు దానంతట అదే లెక్కపెట్టసాగినది. ఒకదానిలో ఋషి బొమ్మ. ఒకదానిలో ఫొటోలకు గుండె ఆకారపు దీపములు. ఏడవ దానిలో ఎర్ర బల్బు, దాని క్రింద చేతిలో సీసా పట్టుకొన్న అస్థిపంజరము. ప్రక్కన పలక: "తాగుబోతు ఓబన్న దయ్యం. తప్పతాగి రైలు కింద పడిన కావలివాడు. గట్టిగా పిలవండి, పలుకుతాడు!"

రవిప్రసాద్ మిత్రులు బ్రేకులు వేసినారు. "ఓబన్నా! ఒక పెగ్గు వెయ్యనా?" అని అరచినారు. సొరంగము ఆ మాటను రెండు మూతులకూ మోసికొనిపోయి తిరిగి తెచ్చినది. సభ అంతా నవ్వినది. నేను గాక నవ్వనివాళ్ళు ఇద్దరు. ఒకడు రాజన్న, తెలంగాణ పల్లె నుండి వచ్చి దోహా మెట్రో సొరంగములలో పనిచేసినవాడు. "దీంట్ల నవ్వేటిదేమున్నదన్నా?" అన్నాడు బిగ్గరగానే. "మా దగ్గర లోపటికి పోయేటోడు బోర్డుకు ట్యాగ్ తగిలిచ్చి పోవాలె. బయటికొచ్చినంక తీస్కోవాలె. డ్యూటీ దిగేటప్పుడు ఒక్క ట్యాగ్ మిగిలిందనుకో, ఫోర్‌మన్ మమ్ములందర్ని నిలవెట్టి ఎతికిస్తుండె. ఒకపారి ఓ నేపాలాయన తియ్యడం మర్చి బస్సెక్కి క్యాంపుకు పోయిండు. ఆయిన కోసం ఎనిమిది మందిమి మల్ల లోపటికి పోయినం. వాన్ని తిట్టని తిట్టు లేదు." అప్పుడు కూడ జనము నవ్వినది.

నవ్వని రెండవవాడు గుమ్మములో నీళ్ళ సీసాల పెట్టె మోస్తూ నిలుచున్న ఓబులేసు. రాయలసీమ వాడు, ఇక్కడ ఒక అరబ్బు కుటుంబానికి కారు నడుపుతాడు. శుక్రవారము తీరిక దొరికితే సమావేశపు పనులు చేసిపెడతాడు, నా సైకిలు గొలుసుకు నూనె పెడతాడు, నన్ను "సామీ" అంటాడు. పెట్టె దించకుండా ఆ గోడకేసే చూస్తున్నాడు. రవిప్రసాద్ నా భుజము మీద చేయి వేసి, "గురువుగారూ, మన సంచికకి ఈ దయ్యం కథ మీరే రాయాలండి. మీ గ్రాంథికంలో, కాస్త హాస్యం జల్లి. అదిరిపోతుంది," అన్నాడు. నేను లేచినాను. అక్కడ, అందరి ఎదుట, అనవలసిన మాట ఒకటి ఉన్నది. తల తిరుగుతున్నదని చెప్పి బయటికి వచ్చినాను. డెబ్బది దాటిన వయసులో కూడ నాకు అబద్ధమే ముందు నోటికి వచ్చినది.

ఓబులేసు నన్ను కారులో ఇంటికి తెచ్చినాడు. సముద్రపు ఒడ్డున మడ చెట్లు కనబడే మలుపు దగ్గర నోరు విప్పినాడు.

"సామీ, ఆ బోర్డులో ఉండేది మా జేజినాయన పేరు, మా నాయనకు నాయన."

"తెలుసు," అన్నాను.

"తెల్సునా? ఎప్పుట్నుంచి?"

"నీవు మొదటిసారి మీ ఊరి పేరు, మీ నాయనమ్మ పేరు చెప్పినప్పటి నుండి."

అతడు కారు ప్రక్కకు తీసి ఆపినాడు. "రెండేండ్లాయ గదా సామీ. ఒక్క మాటన్నా అంటివి కావే." నేను మడ చెట్ల వైపు తిరిగితే తానే అందుకొన్నాడు. "మా నాయన ఆ సొరంగం మూతి కాడే మజ్జిగ అమ్ముకుంటాండాడు. దినామూ లోపల్నుంచి ఆ కూతలు ఇనపడ్తాండాయి. జన్మలో సుక్క ముట్టినోడు కాదు మా నాయన. ఐనా ఊర్లో మా ఇంటికి తాగుబోతోళ్ళ కొంప అనే పేరు. బోర్డు పీకండయ్యా అని ఆపీసు సుట్టూ తిరిగినాడు. రికార్డులో అట్లే రాసుండాది, కాదని ఆ కాలం మనిషెవురన్నా రాసిస్తే తీసుకోని రా పో అన్న్యారంట. ఆ కాలం మనుషులు యాడుండారు? మీ నాయన అప్పుట్లో టేసన్ మాస్టరంట గదా. నువ్వు సదువుకున్నోడివి. ఒక్క ముక్క రాసియ్యి సామీ. ఓబన్న తాగేటోడు కాదు అని. అంతే సాలు. మా నాయన బతికుండంగా ఆ బోర్డు దిగల్ల."

అంతే చాలునట. ఆ రికార్డు ఎవరి చేతివ్రాతలో ఉన్నదో అతనికి తెలియదు.

మా తండ్రిగారు ఆ కొండ స్టేషనుకు మాస్టరు. అడవి నడుమ రెండు గదుల ఆఫీసు, దాని వెనుక మా క్వార్టరు, నాలుగు గ్యాంగు గుడిసెలు, తూర్పున ఆ సొరంగము. మా యింట తెల్లవారడమంటే వాసనలతోనే. దండెము మీద ఆరే తడి పంచెల వాసన, విభూతి వాసన, వంటింట్లో అమ్మ కాల్చే రాక్షసి బొగ్గు ఘాటు, ఆఫీసులోంచి వచ్చే కిరసనాయిలు కంపు. అమ్మ సిగ్నలు దీపాల ఇత్తడి మూతలను చింతపండుతో తోమేది. అవి రైల్వేవారివి, తోమవలసినది పోర్టరు, కాని "దేవుడి సామాను పక్కన నల్లగా ఉంటే నాకు బాగుండదు" అనేది. తండ్రిగారు చన్నీళ్ళు పోసుకొని, తడిబట్టతో, గొంతులోనే మంత్రము చెప్పుకుంటూ నడిచే తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్లున్నది. నస్యము మాత్రము మానలేదు. అది పొడి వస్తువు కనుక మడికి భంగము లేదనేవారు. ఏది మడికి పనికివచ్చును, ఏది పనికిరాదు అన్న విషయములో ఆయనకు తెలియని సూక్ష్మము లేదు. పూజలో ఉండగా ప్రక్క స్టేషను నుండి గంట మ్రోగితే మడితోనే ఆఫీసులోనికి వెళ్ళి, రైలు రావచ్చునని లైను క్లియరు ఇచ్చేవారు. ఆ యంత్రము ఇత్తడిది. ఇత్తడికి అంటు లేదు. కాని సొరంగము గుడిసెకు మాటాడే ఫోను ముట్టేవారు కాదు. దాని మూతి మీద పదిమంది ఉమ్ము పడి ఉంటుంది, అది ఎంగిలి. రైలు వస్తున్నదని సొరంగము కావలివానికి ముందుగా చెప్పి తీరవలెనని రూలు. పూజ అయిన తరువాత చెప్పేవారు. రైలు కొండ ఎక్కి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది కదా అనేవారు.

ఇంతకు ముందటి అధ్యాయములలో ఈయనను సత్యసంధుడని వ్రాసినాను. చదివినవారు మెచ్చి జాబులు వ్రాసినారు. ఆ పుటలను తలచుకుంటే నాకిప్పుడు ఒళ్ళు మండుతున్నది.

సొరంగము కావలివాడు ఓబన్న. పొట్టివాడు, నోట్లో ఎప్పుడూ ఏదో ఆకు నములుతూ ఉండేవాడు. ఆయన కులము వల్ల మా గడప లోపలికి వచ్చేవాడు కాదు. కొండ మీది సీతాఫలాలు తెచ్చి అరుగు చివర పెట్టేవాడు. అమ్మ వాటి మీద నీళ్ళు చల్లి లోపలికి తీసుకొనేది. అన్నము మిగిలితే ఎత్తు నుండి ఆయన గిన్నెలో వేసేది. ఇదంతా ఎంత ప్రేమగా జరిగేదనుకున్నారు! ప్రేమ అనే నేను అనుకొన్నాను. నేను అప్పుడు కొండకు ఆవల ఊరిలో సంస్కృత కళాశాలలో చదువుతూ ఉండేవాడిని. ఘాటు రోడ్డున చుట్టి వెళితే పూట గడిచిపోతుంది. సొరంగములో నుండి పోతే గంట. అందుచేత గ్యాంగువాళ్ళవలెనే నేనూ సైకిలుతో సొరంగములోనుండి పోయేవాడిని. దానికి ఓబన్న పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. సైకిలు ఎక్కరాదు, ఎడమచేయి గోడ మీద ఆనించి నడవవలెను, గూడు తగిలినప్పుడల్లా లెక్క పైకి చెప్పవలెను. గోడ పొడుగునా ఆయన పాత సిగ్నలు తీగ ఒకటి బిగించినాడు. తూర్పు మూతి దాటినవాడు ఆ తీగ కొసను మూడుసార్లు లాగవలెను. పడమటి మూతిలో ఆయన గుడిసె చూరుకు వ్రేలాడే రైలు పట్టా ముక్క మూడుసార్లు మ్రోగుతుంది. అది మ్రోగితేనే లోపల ఎవరూ లేరని అర్థము. మ్రోగేదాకా ఆయన గుడిసె ముందు నుండి కదలడు. బువ్వకు కూడ లేవడు.

"పొయినోడు పొయినట్ల తెల్యల్ల సామీ," అనేవాడు. "లోపల మనిషుండాడో లేడో తెల్యకపోతే నేనే లోపలికి పోయి సూడల్ల."

తీగ కొస చేయి కోస్తున్నదని పాత చెప్పు తోలు చీల్చి దానికి పిడిలాగ చుట్టినాడు. ఆ తోలు మీద అందరి చేతుల చమురు ఎక్కి నల్లగా నిగనిగలాడేది.

ఆ రోజు కళాశాలలో శ్లోక పఠన పోటీ. తెల్లని మల్లుపంచె, గంజి పెట్టిన ఉత్తరీయము, నుదుట విభూతి. నడిచి వెళితే ఆలస్యమవుతుందని, సొరంగములో నాలుగడుగులు వేసి, ఓబన్న దృష్టి దాటగానే సైకిలు ఎక్కినాను. మురుగు కాలువ మీద పరచిన బండలు జానెడు వెడల్పు. డైనమో దీపము వెలుతురులో అవి మాత్రమే కనబడుతున్నవి. పద్దెనిమిది నిండినవానికి అంతకంటే ఏమి కావలెను! లోకమంతా చీకటి, ముందర నా వెలుగు, గొంతులో నా శ్లోకము, దానికి రాయి ఇచ్చే మారుమ్రోత. నా స్వరము ఎంత గొప్పదో ఆ సొరంగములోనే మొదటిసారి విన్నాను. గూళ్ళు లెక్కపెట్టలేదు. తూర్పు మూతిలో వెలుతురులోకి దూసుకు వచ్చి దిగి తీగ దగ్గరికి వెళ్ళినాను. చేయి చాచినాను కూడ.

నల్లని తోలు. చెప్పు తోలు. ఓబన్న చేయి చుట్టినది. నేను సరస్వతి ఎదుట నిలిచి శ్లోకము చదవబోతున్నవాడిని. చేయి వెనుకకు తీసుకొని సైకిలెక్కి వెళ్ళిపోయినాను. మరచినాననుకోకండి. మరపు అయితే ఇన్నేళ్ళు నా గొంతులో ముల్లులాగ నిలిచేది కాదు. చూచి, ఆలోచించి, మానినాను. నేనెక్కి కూర్చున్న సైకిలు సీటు కూడ తోలుదే. ఆ సంగతి ఆనాడు నాకు తట్టలేదు. శాస్త్రము చదివి తెలివి మీరినవాని మడి ఇటువంటిది.

ఓబన్న కనిపెట్టుకొని కూర్చున్నాడు. పట్టా ముక్క మ్రోగలేదు. మాస్టరుగారి కొడుకు, సైకిలుతో, చీకట్లో పడిపోయినాడేమో అనుకొన్నాడు. ఫోను మ్రోగలేదు కనుక రైలేదీ లేదనుకొన్నాడు. లాంతరు పట్టుకొని లోపలికి వెళ్ళినాడు, ఒక్కొక్క గూటిలో వెలుగు చూపుతూ, నన్ను కేక వేస్తూ. "సామీ, సామీ" అన్న కేక గ్యాంగు గుడిసెల దాకా వినబడినదని తరువాత ఆడవాళ్ళు చెప్పినారు. అదే సమయమున తూర్పు నుండి ఒంటి ఇంజను వచ్చినది. దానికి లైను క్లియరు మా తండ్రిగారు ఇచ్చినారు, మడితో, ఇత్తడి యంత్రము మీద. ఫోను చేయలేదు. పూజలో అప్పటికి అష్టోత్తరము నడుస్తున్నది. ఏడవ గూటికీ ఎనిమిదవ గూటికీ నడుమ ఒక లాంతరు అటూ ఇటూ ఊగడము చూచి బ్రేకు వేసినానని, ఇంజను ఆగలేదని డ్రైవరు చెప్పినాడు.

నేను మొదటి బహుమతిగా కప్పిన శాలువాతో సాయంకాలము ఎండ ఉండగానే తిరిగి వచ్చినాను. తూర్పు మూతిలో గ్యాంగువాళ్ళు నన్ను చూచి ఒక్కసారి లేచి నిలబడినారు. "సామి బతికే ఉండాడు," అన్నది ఒక ముసలమ్మ. ఆ సంతోషమును నేనెన్నటికీ మరువలేను. ఓబన్న భార్య లక్ష్మమ్మ నా కాళ్ళు, చేతులు తడిమి చూచినది, ఎక్కడైనా దెబ్బ తగిలినదేమోనని. నేను లోపల పడి ఎట్లో బయటపడినాననే వాళ్ళింకా అనుకొంటున్నారు. ఘాటు రోడ్డున వెళ్ళినానని చెప్పినాను. అది నా మొదటి అబద్ధము.

తండ్రిగారు ఆఫీసులో కాగితము ముందు పెట్టుకొని కూర్చుని ఉన్నారు. నేను తలుపు వేసి, "నాన్నగారూ, నేను సొరంగములోనుండే వెళ్ళినాను. తీగ లాగలేదు," అన్నాను.

ఆయన నా శాలువా వైపు చూచినారు. "నువ్వు రోడ్డున వెళ్ళావు," అన్నారు.

"కాదు నాన్నగారూ..."

"రోడ్డున వెళ్ళావని వాళ్ళతో చెప్పావట కదా. ఇక అదే మాట. నువ్వు సొరంగంలో పోయావంటే వాడెందుకు లోపలికి వెళ్ళాడో అడుగుతారు. వాడికి ఫోనెందుకు రాలేదో అడుగుతారు. నా ఉద్యోగం పోతుంది, నీ చదువు పోతుంది. వాడు తిరిగి వస్తాడా?" నస్యము పీల్చి చేయి దులుపుకొన్నారు. "నీ అక్షరం బాగుంటుంది. కూర్చో. నేను చెబుతాను, నువ్వు వ్రాయి."

వ్రాసినాను. ఇంగ్లీషులో, గుండ్రని అక్షరములతో. కావలివాడు కారణము లేకుండ విధి స్థలము విడిచి లోపలికి వెళ్ళినాడని వ్రాసినాను. తరువాతి వాక్యము ఆయన కళ్ళు మూసుకొని చెప్పినారు: మృతుని గుడిసెలో ఒక సీసా దొరికినది. అంతే. అది నిజమే. గుడిసెలో సీసా ఉన్నది. అందులో లాంతరుకు పోసే కిరసనాయిలు ఉన్నది. సీసాలో ఏమున్నదో మేము వ్రాయలేదు. తాగినాడని మేము ఎక్కడా అనలేదు. ఆ పని పైవాళ్ళు చేసినారు, ఆ తరువాత ఊరు చేసినది, ఇప్పుడు పర్యాటకుల వినోదము కోసము బొమ్మలు చేసేవారు చేసినారు. ఒక్క అబద్ధపు మాట లేకుండ ఒక మనిషిని తాగుబోతును చేసిన ఆ వాక్యము వంటిది మరొకటి నేను జీవితములో వ్రాయలేదు. లక్ష్మమ్మను గుడిసె ఖాళీ చేయించినారు. కొడుకుకు రావలసిన పని రాలేదు. తల్లీ కొడుకూ మూట నెత్తిన పెట్టుకొని పట్టాల వెంట నడిచి వెళ్ళిన ఉదయము మా తండ్రిగారు సంధ్య వార్చుకొంటున్నారు. ఒక్క మంత్రము తప్పలేదు.

ఇక్కడ, ఈ ఎడారి ఒడ్డున, మా కాలము గొప్పదని, మనుషులలో సత్యము ఉండేదని, ఇప్పటివారికి ధర్మము తెలియదని ఎన్ని సభలలో చెప్పినానో! కెమెరాలో అరచిన ఆ పిల్లలకు ఓబన్న ఎవరో తెలియదు, తెలియక అరచినారు. తెలిసిన మేము అరవలేదు, వ్రాసినాము. రాజన్నవాళ్ళ సొరంగములో ట్యాగు తీయనివానికి తిట్లు దక్కినవి. మా సొరంగములో తీగ లాగనివానికి శాలువా దక్కినది. ఇక ఏ కాలము మేలని నన్నెవరూ అడగవద్దు.

ఓబులేసు కోరినది ఒక్క వాక్యము. శ్యామలకు ఆ సాయంకాలమే అంతా చెప్పినాను. ఆమె తాతగారి పటము వైపు చూచినది. తరువాత, "నాన్నా, ఓబన్న తాగేవాడు కాదు, నాకు స్వయంగా తెలుసు అని రాసి సంతకం పెట్టండి. బోర్డు దిగుతుంది. వాళ్ళకు కావలసింది అదే. మిగతాది ఇప్పుడు ఎవరికి ఉపయోగం?" అన్నది. ఆమె నా మేలు కోరే అన్నది. కాని ఆ మాటలో మా తండ్రిగారి గొంతు వినబడి నేను బల్ల మీద చేయి చరచినాను. "అదీ నిజమే అవుతుందమ్మా! సీసా దొరికినదన్నంత నిజము! తాగనివాడు, ఫోను లేనివాడు, లాంతరు పట్టుకొని లోపలికి ఎందుకు పోయినాడని ఎవరైనా అడిగితే ఏమి చెప్పను? పిచ్చివాడని వ్రాయమంటావా?" ఆమె కన్నీళ్ళు తుడుచుకొని లోపలి నుండి కాగితములు తెచ్చి నా ముందు పెట్టినది. "అయితే అంతా రాయండి. తాతయ్యగారి పేరు కూడా."

మరునాటి ఉదయము తెలుగులో వ్రాసినాను. అలంకారము లేదు. ఆ రోజు సొరంగములో ఉన్నది నేనని, తీగ నేను లాగలేదని, ఎందుకు లాగలేదో, ఫోను ఎవరు చేయలేదో, ఎందుకు చేయలేదో, సీసాలో ఏమున్నదో, నివేదిక ఎవరు చెప్పినారో, ఎవరు వ్రాసినారో. మా తండ్రిగారి పేరు, నా పేరు. రెండు పుటలు కూడ నిండలేదు.

సాయంకాలము తన యజమానియైన అర్బాబు పిల్లలను ట్యూషనులో దింపి, మళ్ళీ ఎక్కించుకొనే లోపల ఓబులేసు వచ్చినాడు. "యల్లా సామీ, టైము లేదు, కాయితం ఐందా?" అని అరబ్బీ మాటతో తొందరపెడుతూ, నవ్వుతూ చెప్పులు విడిచినాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. చదివి వినిపించినాను. తీగ దగ్గరికి వచ్చేసరికి ఒకసారి ఆగినాను. నీళ్ళు త్రాగి చదివినాను. అతడు నేలవైపు చూస్తూ విన్నాడు. శ్యామల కాఫీ తెచ్చి పెట్టినది.

"మా జేజి లక్ష్మమ్మ సచ్చేదాంక ఒకే మాట అంటాండె," అన్నాడు చివరికి. "ఆయప్ప ఊరికే పోడు లోపలికి, ఎవుర్నో ఎతుక్కోని పోయింటాడు అని. అందురూ నవ్వుతాండ్రి. దయ్యం పట్టింది ముసిల్దానికి అని." తల ఎత్తినాడు. "ఆ ఎవురో నువ్వేనా సామీ?"

"నేనే."

"తోలుండాదని ముట్టుకోలేదా?"

"ముట్టుకోలేదు."

"సైకిల్ సీటు గూడా తోలే గదా సామీ."

అతడు లేచి కాగితములు తీసుకొని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకొన్నాడు. ఏమైనా అనుమని, తిట్టుమని అడిగినాను. "తిట్టేకి మా నాయన ఉండాడు సామీ. ఆయన తిట్టల్ల. నేను గాదు," అని చెప్పులు తొడుక్కొన్నాడు. కాఫీ ముట్టలేదు. రవిప్రసాదుకు అదే కాగితము ప్రతి పంపి, సంచికకు నా రచన ఇదే, ఇది కాకపోతే ఏదీ లేదు అని వ్రాసినాను. "గురువుగారూ, పండగ సంచికకి ఇది మరీ... కొంచెం ఆలోచిద్దామండి," అని జవాబు వచ్చినది. ఆలోచించుకొమ్మన్నాను. ఇన్నేళ్ళు నేను చేసినది కూడ అదే.

అనుబంధము. పుష్య బహుళ పంచమి నాడు సొరంగములోని ఆ బొమ్మను, పలకను తొలగించినారు. క్రొత్త పలక మీద ఓబన్న సొరంగము కావలివాడని, లోపల చిక్కుకొన్నాడనుకొని స్టేషను మాస్టరు కొడుకును వెదుకుతూ మరణించినాడని వ్రాసినారు. ఓబన్న కొడుకు కోరిక మీద ఆ మాస్టరు పేరు, నా పేరు కూడ వ్రాసినారు. సంచికలో నా రచన వేయలేదు. ఓబులేసు అల్ ఖోర్‌లోనే ఉన్నాడు. మా యింటికి రావడము లేదు.